ట్రాంబోనుకి కొబ్బరినూనె

వాయిద్యాల గురించి నాకు చెప్పొద్దు. మా బాపట్ల తాలూకాలో పెళ్ళికి బ్యాండు మేళం కదిలిందంటే వెనకాల నేను ఉండి తీరాల్సిందే. క్లారినెట్టు, బాకా, పెద్ద డ్రమ్ము, చిన్న డ్రమ్ము, సన్నాయి, అన్నీ ఈ చేతుల మీదుగా పోయినవే. మా క్లారినెట్టు ఏసోబు కల్యాణి ఎత్తుకున్నాడంటే పక్క ఊరి గేదెలు పలుపుతాళ్ళు తెంపుకుని వచ్చి పెళ్ళిపందిట్లో నిలబడి పాలు చేపేవి. ఆడపెళ్ళివారు ఆ పాలతోనే పాయసం కాచి ఊరందరికీ పోసిన రోజులున్నాయి. అలాంటి మేళంతో తిరిగిన మనిషిని నేను. ఏ వాయిద్యమైనా సరే, ఒక్కసారి అటూ ఇటూ తిప్పి చూశానంటే దాని గుట్టంతా విప్పి చెప్పేస్తాను.

ఈ మాట ఊళ్ళో అంటే వినేవాళ్ళు నవ్వి ఊరుకునేవాళ్ళు. నేను తీసుకెళ్ళి అమెరికాలో మా అమ్మాయి ఇంట్లో అన్నాను. అదీ ఒకసారి కాదు. అక్కడ పట్టుబడ్డాను.

అది ఎనభై ఏడో సంవత్సరం. మా అమ్మాయి విమలకుమారి అక్కడి ఆసుపత్రిలో నర్సు, ఎప్పుడూ రాత్రి డ్యూటీలే. అల్లుడు జయరాజు మందుల కంపెనీలో కెమిస్టు. న్యూజెర్సీలో పిస్కాటవే అనే ఊళ్ళో అపార్ట్‌మెంటు. నన్నూ, మా ఆవిడ దీనమ్మనీ గ్రీన్‌కార్డులు చేయించి తమ దగ్గరికే తెచ్చుకున్నారు. వాళ్ళకి ఒక్కతే పిల్ల, రేణు. అక్కడే పుట్టింది, ఆరో క్లాసు చదువుతోంది. దాని తెలుగులో మాటలన్నీ మనవే గానీ చివర్లు మాత్రం ఎవరో కత్తిరించుకుపోయినట్టు ఉండేవి. మనిషి సన్నం, చేతులు పొడుగు. ఎంత పొడుగంటే ఏ చొక్కా కొన్నా మణికట్టు బయటే. బస్సులో పిల్లలు దాన్ని సాలెపురుగని ఏడిపించేవాళ్ళట. అందుకని ఎండాకాలంలో కూడా చేతులు జేబుల్లో దాచుకుని తిరిగేది.

అలాంటి పిల్ల సెప్టెంబరులో ఒక సాయంత్రం స్కూలు బస్సు దిగి, పొడుగాటి నల్లపెట్టె ఒకటి ఈడ్చుకుంటూ లోపలికొచ్చింది. ఆ పెట్టె ఆకారం చూసి దీనమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది.

"ఓ ప్రభువా, ఎవరు పోయారే?"

"నోబడీ, అమ్మమ్మా. ఇది నా ట్రాంబోన్. బ్యాండ్ క్లాస్‌లో ఇచ్చారు" అని రేణు పెట్టె తెరిచింది. లోపల ఎర్ర మఖమలు మీద రెండు ముక్కలుగా పడుకుని ఉంది ఇత్తడి. ఒకటి గరాటు. ఇంకొకటి జడపిన్నులాగా వంగిన పొడుగాటి గొట్టం. రెండూ కలిపి బిగించింది. నేను కళ్ళజోడు పెట్టుకుని, గొంతు సవరించుకుని దగ్గరికెళ్ళాను. ఇల్లంతా నా వంకే చూస్తోంది. ఇటు తిప్పాను. అటు తిప్పాను.

"దీనికి బెజ్జాలేవే?" అన్నాను.

"బెజ్జాలు మీన్స్?"

"సన్నాయికుంటాయే, వేళ్ళు పెట్టి మూసేవి."

"నో హోల్స్, తాతా."

"పోనీ మెట్లు? హార్మోనియంకి ఉన్నట్టు?"

"నో కీస్."

"అయితే బాకాకి పైన నొక్కే బొత్తాలుంటాయి చూడు, అవన్నా ఉండాలి కదా. ఎక్కడ దాచారు?"

"అది ట్రంపెట్, తాతా. ట్రాంబోన్‌కి స్లయిడ్ ఉంటది. అంతే" అని ఆ జడపిన్ను గొట్టాన్ని పట్టుకుని ముందుకు లాగింది. సగం వాయిద్యం సర్రున జారి దాని చేతిలోకి వచ్చేసింది.

"విరిగింది!" అని అరిచాను.

"మీ కళ్ళు పడ్డాయి, విరక్కేం చేస్తుంది!" అంది దీనమ్మ.

"ఇట్స్ నాట్ బ్రోకెన్. ఇది అలానే వస్తది" అని రేణు దాన్ని మళ్ళీ లోపలికి తోసి, మూతి పెట్టి, బుగ్గలు బిగించి ఊదింది. దూడ తప్పిపోయిన గేదె చెరువు అవతల నుంచి పిలిచినట్టు వచ్చింది. గోడకున్న క్యాలెండరు ఊగింది. రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకున్న విమల జుట్టు విరబోసుకుని బయటికి పరిగెత్తుకొచ్చింది.

"ఎవరికేమైంది? అమ్మా, నీకు బాగానే ఉందా?"

సంగతి తెలిశాక నెత్తి పట్టుకుని సోఫాలో కూలబడింది. "ఫ్లూట్ అడగమన్నాను కదే! చక్కగా సన్నగా వినపడుతుంది. ఆడపిల్లకి ఈ గొట్టమేమిటి? నేను పగలు నిద్రపోవద్దా?"

"మిసెస్ కోవాల్‌స్కీ నన్నే పిక్ చేసింది, మమ్మీ." అంది రేణు. మిసెస్ కోవాల్‌స్కీ అంటే వాళ్ళ బ్యాండు టీచరు. "అందరి ఆర్మ్స్ చూసింది. యూ హావ్ ట్రాంబోన్ ఆర్మ్స్ అంది. క్లాస్ మొత్తంలో నావే. మిగిలినవాళ్ళకి స్లయిడ్ లాస్ట్ దాకా అందలేదు."

అలా అంటున్నప్పుడు దాని చేతులు రెండూ జేబుల బయట ఉన్నాయి. నేను చూశాను. విమల కూడా చూసే ఉంటుంది. తర్వాత నా వైపు తిరిగి, నిద్రమొహంలోనే, చిన్నగా నవ్వింది. ఆ నవ్వు నాకు తెలుసు. చిన్నప్పుడు నా జేబులో చిల్లర కొట్టేసే ముందు అలాగే నవ్వేది.

"సెలవుల తర్వాత కావాలంటే మార్చుకోవచ్చని మీ టీచర్ చెప్పింది కదా. సరే. క్రిస్మస్ ఆరాధనలో మన పాత కీర్తన ఒకటి దీని మీద వాయించు. అది కీర్తనలా వినపడితే ఉంచుకో. లేకపోతే జనవరిలో ఫ్లూట్. వాయిద్యమో కాదో మీ తాతయ్య తేలుస్తాడు. అన్ని వాయిద్యాల గుట్టూ తెలిసినాయన కదా."

అలా నేను న్యాయాధిపతినయ్యాను. రేణు నా వంక ఎంత ఆశగా చూసిందంటే, ఆ రాత్రి చపాతీ సగంలో వదిలేసి లేచాను.

మర్నాడు రేణు నా పక్కన కూర్చుని, "తాతా, మీ బ్యాండ్‌లో ట్రాంబోన్ నువ్వు ప్లే చేశావా?" అని అడిగింది.

నేను నోరు తెరిచేలోపు వంటింట్లోంచి దీనమ్మ అందుకుంది. "మీ తాత బ్యాండులో ప్లే చేసింది కత్తెరే!"

సరే, గొప్ప ఇక్కడితో విప్పేస్తాను. నేను దర్జీని. మా మేళం వాళ్ళకి ఎర్ర కోట్లు, బంగారు అంచులు, భుజాల మీద కుచ్చులు, అన్నీ నేనే కుట్టేవాణ్ణి. పెళ్ళిళ్ళలో బొత్తాం ఊడితే కుట్టడానికి సూదీ దారం పట్టుకుని వెనకాల నడిచేవాణ్ణి. వాయిద్యాలు నా చేతుల మీదుగా పోయాయన్నది మాత్రం అబద్ధం కాదు. కోటు తొడిగి చూసుకునేటప్పుడు వాళ్ళ వాయిద్యం పట్టుకునేది ఎవరనుకున్నారు? నేనే. క్లారినెట్టు వాడికి మోచెయ్యి బిగించి కుట్టినా పరవాలేదు, వేళ్ళు ఆడితే చాలు. డ్రమ్ము వాడికి భుజం వదులుండాలి. బాకా వాడికి పొట్ట దగ్గర. ఈ విద్యలో నన్ను మించినవాడు లేడు. స, రి, గ వింటే గుర్తుపడతాను గానీ, వాయించడం మాత్రం నాకు రాదు. ఇంత గొట్టం మా తాలూకాలో ఎవరి చేతిలోనూ చూడలేదు.

"సో యూ డోంట్ నో ఎనీథింగ్?" అంది రేణు.

"తెలుసుకుంటానే. కొలిస్తే తెలియనిదేముంది?" అని ఇంచి టేపు మెళ్ళో వేసుకున్నాను.

ఇక్కడి నుంచి నా బుర్ర తిరగడం మొదలైంది. విమల నిద్ర పాడవకూడదని మేము కిందనున్న లాండ్రీ గదిలోకి దిగేవాళ్ళం. బట్టలు తిరిగే మిషన్ల మధ్య రేణు నిలబడి ఊదేది, నేను స్లయిడ్ పక్కన టేపు పట్టుకుని వంగేవాణ్ణి. బట్టలు తెచ్చుకున్న తెల్లదొరసానులు నన్ను చూసి, గొట్టానికి లాగు కుడతాడేమో అనుకున్నారో ఏమో, గౌరవంగా పక్కకి తప్పుకునేవాళ్ళు. మన స్వరాల పేర్లు వాళ్ళమ్మమ్మ రేణుకి ముందే నేర్పింది.

"స ఎక్కడుంది?"

"ఫస్ట్ పొజిషన్. ఫుల్లుగా లోపలికి."

రాసుకున్నాను. "మరి ప?"

స్లయిడ్ కదపకుండా ఊదింది. ప వచ్చింది.

"కదపలేదేమే?"

"ప కూడా అక్కడే ఉంటది."

"స ఉన్నచోట ప ఎలా ఉంటుందే? ఒకే బెజ్జంలో రెండు బొత్తాలా?"

"పై స కూడా అక్కడే, తాతా. లిప్స్ టైట్ చేస్తే వస్తది." మళ్ళీ కదపకుండా ఊదింది. వచ్చింది. తర్వాత చెయ్యి బాగా ముందుకు చాపి ఇంకోసారి ఊదింది. వినపడింది ఇందాకటి ప స్వరమే.

"ఇదేంటి, ప ఇక్కడికెప్పుడొచ్చింది?"

"అక్కడా ఉంటది. ఇక్కడా ఉంటది."

నేను రాసుకున్న కాగితం కొట్టేశాను. మనిషి కొలతలు తీసుకుంటుంటే నడుం వెళ్ళి భుజం దగ్గర కనపడితే దర్జీ ఏమవుతాడు? పోనీ, కచ్చితంగా దొరికిన గ ఒక్కటైనా పట్టుకుందామని, అంగుళాలతో సహా కొలిచి గుర్తుపెట్టుకున్నాను. మర్నాడు గదిలో బాగా చలిగా ఉంది. నిన్నటి కొలతలో స్లయిడ్ పెట్టించి ఊదించాను. గ కాదు, గ తాలూకు ఏడుపు వచ్చింది.

"నిన్న ఇక్కడే ఉంది కదే గ!"

"కోల్డ్‌గా ఉంటే మూవ్ అయిపోతది, తాతా. కొంచెం లోపలికి తేవాలి."

"ఎంత లోపలికి?"

"ఐ డోంట్ నో. వింటే తెలుస్తది."

"వినేది తర్వాత. ముందు చెయ్యి ఎక్కడ పెట్టాలో ఎలా తెలుస్తుంది?"

రేణు భుజాలెగరేసింది. "చెయ్యికి తెలుస్తది."

చలికి స్వరాలు ఇల్లు మారతాయా? నేను పైకొచ్చి దీనమ్మతో చెబితే, "మీకు నిన్న జ్వరం తగిలినట్టుంది, కషాయం పెట్టమంటారా" అంది.

ఆ తర్వాత కీర్తన నేర్పడం. అది దీనమ్మ పని. మా తెలుగు క్రైస్తవ సంఘం వాళ్ళు పాత కీర్తన ఎలా పాడతారో చెప్పాలి. తొందరపడరు. చరణం చివర పెద్ద ఆడవాళ్ళంతా కలిసి గొంతుని పైనుంచి కిందికి జార్చుకుంటూ లాగుతారు. ఎంత లాగుతారంటే మధ్యలో ఒకాయన బయటికెళ్ళి కారు తాళం వేసుకుని రావచ్చు. హార్మోనియం వాయించే సుందర్ రాజ్ గారు వాళ్ళు ఆగేదాకా చివరి మెట్టు మీదే వేలు పెట్టుకుని దిక్కులు చూస్తుంటారు. ఆయన పెట్టెలో ఈ మెట్టుకీ ఆ మెట్టుకీ మధ్యన ఏమీ లేదు మరి. జారదామన్నా చోటు లేదు.

దీనమ్మ కూడా లాండ్రీ గదిలోకి దిగి పాడేది, రేణు విని ఊదేది. పిల్ల చెవి మంచిదే, రెండు మూడు రోజుల్లో పట్టుకుంది. కానీ చరణం చివరకొచ్చేసరికి తు, తు, తు అని ముక్కలు ముక్కలుగా కొట్టేది.

"అలా కూరగాయలు తరుగుతావేమే? లాగు. నీ దగ్గర లాగే గొట్టమే ఉంది కదా!" అంది దీనమ్మ.

"లాగకూడదు, అమ్మమ్మా. లాగితే నోట్స్ అన్నీ కలిసిపోయి స్మియర్ అవుతది. మిసెస్ కోవాల్‌స్కీ నో స్మియరింగ్ అంటది. ట్రాంబోన్ వాళ్ళకి ఫస్ట్ రూల్ అది."

"లాగడానికే చేసిన గొట్టంతో లాగొద్దంటుందా? అదేం టీచరే?"

"నేను ఎవరి మాట వినాలి?" రేణు నా వైపు తిరిగింది. "తాతా, నువ్వు జడ్జివి కదా. చెప్పు."

ఏం చెప్పను? లాగాల్సినచోట లాగలేని పెట్టె వాయించేవాళ్ళని చూశాను. లాగగలిగిన గొట్టం చేతికిచ్చి లాగొద్దనేవాళ్ళ సంగతి అప్పుడే వింటున్నాను. "ఇద్దరి మాటా విను" అన్నాను. అక్కడ ముగ్గురం అయోమయంలో పడ్డాం. అల్లుడు డ్యూటీలో ఉన్నాడు, విమల పైన నిద్రలో ఉంది.

క్రిస్మస్ ఆదివారం పొద్దున రేణు మొహం వేలాడేసుకుని వచ్చింది. స్లయిడ్ పట్టేస్తోందట. దానికి వేసే నూనె సీసా స్కూల్లో ఉండిపోయింది. స్కూలుకేమో సెలవులు.

"ఇంత మాత్రానికి ఏడుపెందుకు? కుట్టుమిషనుకి జీవితమంతా నూనె వేసినవాణ్ణి" అని మిషను నూనె తీశాను.

దీనమ్మ చెయ్యి పట్టుకుంది. "పిల్ల నోటితో ఊదేదానికి మిషను నూనా? లోపలికి పోతే?"

ఆ మాటా నిజమే. నోట్లోకి పోయినా హాని లేని నూనె ఏది? ఇంకేముంటుంది, కొబ్బరినూనె. దీనమ్మ తలకి రాసుకునే సీసా రేడియేటర్ మీద ఉంది. ఆ చలిలో అది రోజూ వెన్నపూసలా గడ్డకడుతుందని, రోజూ దాన్ని రేడియేటర్ మీద పెట్టి కరిగించుకోవాలని మా ఇద్దరికీ తెలుసు. బాగా తెలుసు. అయినా ఇద్దరికీ తట్టలేదు. అక్కడ కరిగింది తీసి ఇక్కడ గొట్టానికి పట్టించాం. ఆహా, స్లయిడ్ ఎలా జారింది! రేణు చెయ్యి చాపి లాగి, లాగి, నవ్వింది. నేను కుట్టిన క్రిస్మస్ గౌను వేసుకుని ఉంది. ఎర్ర పట్టు, బుట్ట చేతులు, చంక దగ్గర ఒంటికి అతికినట్టు బిగువుగా కుట్టాను. ఆడపిల్ల గౌను అలాగే ఉండాలని నా లెక్క.

ట్రాంబోను పెట్టెని జయరాజు కారు డిక్కీలో పెట్టాడు. దారిలో మనవాళ్ళ కొట్లుండే ఐసెలిన్‌లో ఆగాం. ఆరాధన తర్వాత అందరూ కలిసి తినే ప్రేమవిందుకి కరివేపాకు తెమ్మని సంఘం ఆడవాళ్ళు విమలకి అప్పగించారు. అక్కడ బట్టల కొట్టు అద్దంలో చీర చూసి దీనమ్మ ఆగింది. దీనమ్మని పిలుచుకొస్తానని వెళ్ళి జాకెట్టు ముక్కల దగ్గర నేను ఆగాను. బయట మంచు కురుస్తోంది. కరివేపాకు విమల ఒళ్ళో వెచ్చగా కూర్చుంది. ట్రాంబోను మాత్రం డిక్కీలో.

మా సంఘం ఆరాధన ఒక అమెరికన్ చర్చి కింది హాల్లో జరుగుతుంది. వాళ్ళ ఆరాధన పైన అయిపోయాక మధ్యాహ్నం మాకిస్తారు. మేం వెళ్ళేసరికి హీటు అప్పుడే వేశారు, ఎవరూ కోట్లు విప్పలేదు. సుందర్ రాజ్ గారు చేతులు రుద్దుకుంటూ హార్మోనియం తెరుస్తున్నారు. రేణు ట్రాంబోను బిగించి స్లయిడ్ లాగింది.

రాలేదు.

మళ్ళీ లాగింది. మొహం ఎర్రబడేదాకా లాగింది. పూర్తిగా లోపలికి మూసి ఉన్నచోటే బిగుసుకుపోయింది, వెంట్రుకవాసి కదల్లేదు.

"ఇట్స్ స్టక్" అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మమ్మీ, ఇట్స్ స్టక్!"

విమల నా వైపు చూసింది. నేను దీనమ్మ వైపు చూశాను. దీనమ్మ ప్రార్థన చేసుకుంటున్నట్టు కళ్ళు మూసుకుంది. జయరాజు వచ్చి గొట్టం వాసన చూశాడు.

"మామయ్య గారూ, ఇది కొబ్బరినూనె."

"అవును, నాయనా. శ్రేష్ఠమైనది."

"అది చలికి గడ్డకడుతుంది."

"అయ్యో, ముందే చెప్పొద్దా, అల్లుడూ?"

"ముందే అడగొద్దా, మామయ్యా?"

బలంగా లాగితే గొట్టం వంగుతుందని అతను వదిలేశాడు. దీనమ్మ తన శాలువా తీసి, జ్వరమొచ్చిన బిడ్డకి చుట్టినట్టు స్లయిడ్‌కి చుట్టింది. ఈలోపు పాస్టరు గారు ప్రార్థన ముగించి, "ఇప్పుడు మన చిన్నారి రేణు సహాయంతో కీర్తన పాడుకుందాం" అనేశారు. సంఘమంతా లేచి నిలబడింది. రేణు శాలువా చుట్టిన ట్రాంబోను పట్టుకుని హార్మోనియం పక్కన నిలబడింది. జేబుల్లేని గౌను. చేతులు దాచుకోవడానికి చోటు లేదు. విమల మొదటి వరసలో బిగుసుకుని నిలబడింది. ఆమెకిప్పుడు కోపమో జాలో నాకు తెలియలేదు. వాయిద్యమా కాదా అని తేల్చాల్సినవాణ్ణి నేను, దాని నోరు కట్టేసిందీ నేనే.

"అంకుల్, నాకు ఫస్ట్ పొజిషన్ ఒక్కటే ఉంది" అంది రేణు చిన్నగా.

సుందర్ రాజ్ గారికి అర్థం కాలేదు. "దాంట్లో ఏమొస్తుందమ్మా?"

ఊదింది. స. పెదాలు బిగించింది. ప. ఇంకా బిగించింది. పై స.

ఆయన హార్మోనియం మీద వెతుక్కుంటూ వెళ్ళి ఒక నల్లమెట్టు దగ్గర ఆగారు. రెండూ కలిశాయి. మొహం విప్పారింది. "ఇంకేం కావాలి? శ్రుతి పట్టుకో, చాలు. మేమే నీ శ్రుతికి వస్తాం."

అలా మొదలైంది. మామూలుగా పాడే శ్రుతి కాదు కాబట్టి మొదటి చరణంలో సంఘం దారి తప్పింది. సగం మంది పాత ఎత్తులో, సగం మంది కొత్త ఎత్తులో, మధ్యలో నాలాంటివాళ్ళు ఎక్కడున్నామో తెలియక. రేణు మాత్రం స, ప, స అని కదలకుండా నిలబడి ఊదుతోంది. తంబురాకి ఇత్తడి తొడిగినట్టుంది. ఆ మోతకే జనం ఒకరొకరుగా వచ్చి చేరారు. రెండో చరణానికి అందరూ ఒక్కచోటికొచ్చారు. హీటు అందుకుంది. ముందు మగవాళ్ళు కోట్లు విప్పారు. దీనమ్మ కూడా పాడుతూ పాడుతూ శాలువా మీద చెయ్యి వేసి రుద్దుతూనే ఉంది. ఆ పిల్ల లోపల నుంచి వేడి ఊపిరి ఊదుతూనే ఉంది.

మూడో చరణంలో గొట్టం నుంచి ఒక చుక్క కారింది. నేలమీద పడింది. కొబ్బరినూనె వాసన గుప్పుమంది. ప్రతివాళ్ళూ పక్కవాళ్ళ తల వంక చూశారు.

రేణు కళ్ళు పెద్దవయ్యాయి. స్లయిడ్ చేతి కింద కదిలినట్టుంది. అప్పటికే చరణం చివరకొచ్చేశాం. పెద్ద ఆడవాళ్ళు గొంతులు పైన పెట్టి జారడం మొదలెట్టారు. సుందర్ రాజ్ గారు అలవాటు ప్రకారం చివరి మెట్టు మీద వేలు పెట్టుకుని దిక్కులు చూడబోయారు. రేణు పక్కకి చూసింది. పక్కన దీనమ్మ జారుతోంది. అంతే, శాలువా కిందపడింది, పిల్ల చెయ్యి కదిలింది. తు, తు, తు లేదు. ముక్కలు లేవు. ఆ ఆడవాళ్ళ గొంతులతో పాటు నెమ్మదిగా, ఒక్క ఊపిరితో, చెయ్యి ముందుకు, ఇంకా ముందుకు, పూర్తిగా చాచేదాకా జారుకుంటూ పోయింది. సుందర్ రాజ్ గారు మెట్టు మీంచి వేలు తీసేశారు. మొదటి వరసలో విమల, రాత్రంతా డ్యూటీ చేసొచ్చిన పిల్ల, కళ్ళు మూసుకుని వాళ్ళమ్మలాగే గొంతు లాగుతోంది.

ఆ చివర, చెయ్యి పూర్తిగా చాపినచోట, చర్రుమంది. నేను కుట్టిన గౌను చంక దగ్గర కుట్టు పిగిలింది. నా కుట్టు పిగలడం మా తాలూకాలో ఎవరూ చూడలేదు. న్యూజెర్సీలో సంఘమంతా చూసింది. రేణు చూసుకోలేదు. దాని చెయ్యి అలాగే చాచి ఉంది.

పాట అయిపోయాక నేను లేచి నిలబడ్డాను. తీర్పు చెప్పాలి కదా. "సంఘస్తులారా!" అన్నాను. "ఈ వస్తువు ఏమిటో తెలియక మూడు నెలలు నా బుర్ర తిరిగింది. హార్మోనియంలో స్వరాలు రెడీమేడ్ చొక్కాల్లాంటివి. ముందే కుట్టి వరసగా పెట్టి ఉంటాయి, కావలసింది తీసుకోవడమే. సన్నాయికి బెజ్జాలున్నాయి, బాకాకి బొత్తాలున్నాయి. దీనికి ఏమీ లేదు. దీంట్లో ప్రతి స్వరాన్నీ ప్రతిసారీ కొత్తగా కొలిచి కుట్టుకోవాలి. ఆ కొలత టేపుకి అందదు, చెయ్యికే తెలుస్తుంది. మిగిలినవాటికి వేళ్ళు చాలు. దీనికి భుజం నుంచి మొత్తం చెయ్యి కావాలి. అదీ పొడుగు చెయ్యి కావాలి. ఇది వాయిద్యమే. పిల్ల దగ్గరే ఉండనివ్వండి!" హాలంతా చప్పట్లు మోగాయి. పాస్టరు గారు కళ్ళు తుడుచుకున్నారు.

తిరిగొచ్చేటప్పుడు కార్లో రేణు వెనక సీట్లో నాకూ వాళ్ళమ్మమ్మకీ మధ్య కూర్చుంది. ట్రాంబోను డిక్కీలో కాదు, మా ముగ్గురి ఒళ్ళో అడ్డంగా ఉంది. రేణు ముందు సీట్లో వాళ్ళమ్మ తల వైపే చూస్తోంది. చాలాసేపటికి విమల వెనక్కి తిరగకుండానే అంది.

"నాన్నా, ఈస్టర్ గౌనుకి చంక దగ్గర వదులు పెట్టు. చెయ్యి మొత్తం చాపాలి కదా అది."

రేణు నా చెయ్యి గట్టిగా నొక్కింది. మళ్ళీ విమలే, "ఇంటికెళ్ళగానే ఆ నూనె కడిగెయ్యి. మీ టీచర్ వాసన చూస్తే పులుసు వండారనుకుంటుంది" అంది.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. ఇందులో ఒకటి నేను కల్పించాను. గేదెలు పాలు చేపిన సంగతి అనుకుంటున్నారేమో, అది కాదు. హాల్లో లేచి నిలబడి తీర్పు చెప్పానన్నాను చూశారా, అది. లేచిన మాట నిజమే. గొంతు కూడా సవరించుకున్నాను. కానీ ఆ రోజు నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. నేను లేచేసరికి సంఘమంతా ప్లేట్లు పట్టుకుని విందు దగ్గర నిలబడి ఉంది. నేనూ వెళ్ళి వాళ్ళ వెనక నిలబడ్డాను.